కూలికి బదులు బొమ్మ

మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. బయట ముసురు, లోపల గోడకేసిన మొదటి కోటు ఆరనంటోంది. కడుపులో ఎలుకలు పరిగెడుతున్నా, రెండో కోటు వేయందే ఇంటికి పోవడానికి లేదు. ఒంటినిండా రంగు మచ్చలుంటాయని అందరూ చుక్కల మామ అనే ఆ మేస్త్రి, బొమ్మలు గీసే అమ్మాయి గదిలో ఊరికే కూర్చుని దిక్కులు చూస్తున్నాడు. మూలనున్న బొమ్మ కంటపడింది. మబ్బు కమ్మిన రేవు. ఒక పక్కన నీలం రంగు కిందికి జారి ఉంది, ఇంకా పచ్చిగానే.

రంగు జారితే మేస్త్రికి నామోషీ. చెయ్యి ఊరుకోలేదు. పొడి బ్రష్షుతో ఆ చారలన్నీ సాపు చేసి, వెనక్కి జరిగి చూసుకుని మురిసిపోయాడు.

అమ్మాయి వచ్చి కొయ్యబారిపోయింది.

"మేస్త్రిగారూ, అది వాన. నేనే కావాలని జార్చాను."

మామ బ్రష్షు కింద పెట్టేశాడు. "పని చెడిందనుకున్నానమ్మా. నా కూలి ఇవ్వకండి."

"మీ కూలి ఇదే. పట్టుకుపోండి," అంది విసురుగా.

ఇంట్లో మామ పెళ్లాం, అందరికీ అత్త, అంతెత్తున లేచింది. "దీన్ని ఉడకబెట్టమంటావా, వేయించమంటావా?"

మామ మేకు కొట్టి తగిలించాడు. అన్నం తింటూ చూస్తే ముద్దముద్దకీ కొత్తది కనబడింది. ఒకసారి పడవ, ఒకసారి గొడుగు. అంతే, రుచి మరిగాడు. సెలవురోజుల్లో బొమ్మలు గీసేవాళ్ల గదులు వెతుక్కుంటూ పోయి, గోడలకు రంగేసి కూలికి బొమ్మ అడిగేవాడు. వాళ్లిచ్చేవి అమ్ముడుపోనివే. అయినా పెళ్లిచూపులకొచ్చినట్టు అన్నీ వరసగా నిలబెట్టించి, తీరిగ్గా ఎంచుకునేవాడు.

"ఇంకోటి తెస్తే నన్నూ మేకుకి తగిలించు. నిలబడే చోటు లేదు," అనేది అత్త. దుమ్ము దులిపేది మాత్రం ఆవిడే.

ఒకనాడు ఆ అమ్మాయి వచ్చింది. "కోపంలో ఇచ్చేశాను. అలాంటి రేవు మళ్లీ కుదరలేదు. వాన మళ్లీ వేసుకుంటా, ఇచ్చెయ్యరూ? బదులు పెద్దది ఇస్తా."

మామ ప్రాణం ఉసూరుమంది. కానీ ఆమె చేతి పని, కాదని ఎలా అంటాడు? స్టూలెక్కి బొమ్మ దించాడు. వంటింట్లోంచి వచ్చిన అత్తకు ఆమె ఎవరో తెలియదు. చూడ్డానికి వచ్చిందనుకుంది.

"ఈ పక్క చూడు తల్లీ, వాన వెలిసింది. ఇది మా ఆయన వేసిందే. మిగతాది ఎవరో వేశార్లే."

మామ తల దించుకున్నాడు. అమ్మాయి బొమ్మను వెలుగుకి తిప్పి, వాన వెలిసిన చోటును చాలాసేపు చూసింది. తర్వాత తనే స్టూలెక్కి మేకుకి తగిలించి, వంకర సరిచేసి, నవ్వుకుంటూ మెట్లు దిగి వెళ్లిపోయింది.