పడుగు కొస పట్టుకున్న ఆఫీసరు

1997. మదనపల్లె మునిసిపాలిటీ టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో నేను సూపర్‌వైజర్‌ని. ఊరు ఎట్లా పెరగాలో ముందుగానే గీసిపెట్టే పటాన్ని మాస్టర్ ప్లాన్ అంటారు. ఏ చోటు ఇళ్లకు, ఏ చోటు అంగళ్లకు అని రంగులు వేసి చూపిస్తే అది ల్యాండ్ యూజ్. ఇళ్లకు పసుపు, అంగళ్లకు నీలం. ఆ రంగులు వేసేది నేనే కాబట్టి ఊళ్లో అందరికీ నేను ‘మ్యాపు మేడమ్’ని. నాకేం కోపం లేదులెండి, సొంత పేరు కన్నా అదే బాగుండేది.

ఆ ఏడు కొత్త ప్లాన్ తయారవుతోంది. టమోటా సీజన్ వచ్చిందంటే చాలు, లారీలతో ఊరు ఊపిరాడక అల్లాడేది. వాటికి వేరే దారి కావాలన్న మాట నిజమే. పైఆఫీసు నుంచి వచ్చిన మా పెద్దసారు స్కేలు పెట్టి సర్రున ఒక గీత గీశారు. ఆ గీత నేరుగా చేనేత వీధి నడుమ నుంచి పోయింది. రోడ్డు వెడల్పు చేస్తే రెండు పక్కలా ఉన్న కానుగ చెట్లు కూడా పోతాయి. డ్రాఫ్టును నోటీసు బోర్డుకు అంటించి, జనం అభ్యంతరాల కోసం కొన్నాళ్లు ఆగాలి. ఆ గడువు దాటితే గీత ఖాయం.

గడువు ఇంకా ఉండగానే రత్నమ్మ వచ్చింది. ఆ వీధిలో మూడు మగ్గాల ఇల్లు ఆమెది. వచ్చీ రాగానే నా టేబుల్ ముందు నిలబడి అడిగేసింది.

“ఏమమ్మా మ్యాపు మేడమ్, మా వీధిలో లారీలు తోల్తారంటనే? మరి మేం పడుగు యాడ సాపల్ల? మీ ఆఫీసు మిద్దె మీదనా?”

పడుగంటే చీరలో నిలువు పోగులు. మగ్గానికి ఎక్కించే ముందు వాటిని బారుగా సాగదీసి, గంజి పట్టించి, తెగిన పోగులు ముడేయాలి. అంత పొడుగు ఏ ఇంట్లో ఉంటుంది? అందుకే తెల్లారేసరికి వీధే వాళ్ల పనిశాల. ఎండ తగిలితే పట్టు పెళుసెక్కుతుంది కాబట్టి చెట్ల నీడ ఉండి తీరాలి. వీధి పోతే మగ్గం పోతుంది, మగ్గం పోతే బెంగళూరులో కూలే గతి. రత్నమ్మ భయం అదీ.

పెద్దసారును వీధికి తీసుకుపోయాను. అప్పటికి పదకొండు దాటింది. పడుగులు చుట్టేశారు, ఇళ్లలో మగ్గాలు ఆడుతున్నాయి, వీధి బోసిగా ఉంది.

“ఖాళీ రోడ్డేనమ్మా ఇది! ఇంత మంచి అలైన్‌మెంట్ మళ్లీ దొరుకుతుందా?” అన్నారు. అలైన్‌మెంట్ అంటే రోడ్డు పోయే వరస.

“పొద్దున్నే వచ్చి చూడండి సార్.”

“పొద్దున ఒక వీధి, మధ్యాహ్నం ఇంకో వీధి అవుతుందా ఏం?”

నాకు ఒళ్లు మండింది. ఆయన చెడ్డమనిషి కాదు. సస్టెయినబుల్ డెవలప్‌మెంట్ మీద మాకు ట్రైనింగులో పాఠం చెప్పింది ఆయనే. మన అవసరం తీర్చుకోవాలి గానీ మనవళ్ల నోట మట్టి కొట్టకూడదు, బతుకుతెరువూ మనుషులూ చెట్టూ చేమా మూడూ కలిసి నిలవాలి అన్నారు. ఆ మాటలే ఆయనకు అప్పజెప్పాను. నవ్వేసి, “సరే, రేపు కుప్పం పోతూ ఒక్క నిమిషం ఆగుతా” అన్నారు.

మర్నాడు పొద్దున్నే నేను వీధికి చేరి ఎదురుచూస్తుంటే, సారు జీపు వీధి మొదట్లోనే ఆగిపోయింది. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వంకాయ రంగు పట్టు పరుచుకుని ఉంది. డ్రైవరు హారన్ కొట్టాడు, ఒక్కరూ తల తిప్పలేదు. సారు దిగి నడుచుకుంటూ వచ్చారు. ఈ కొసన పడుగు కట్టిన కర్ర పట్టుకుని నిలబడిన రత్నమ్మ ఆయన్ను ఎగాదిగా చూసింది.

“సారూ, రొంత ఈ కర్ర పట్టుకోప్పా. గంజి తెస్తా.”

మర్యాదస్తుడు కదా, పట్టుకున్నారు. అంతే, దొరికిపోయారు! ఆ వీధిలో కొస పట్టుకున్న మనిషి పడుగు చుట్టేదాకా వదలకూడదు. నాకు తెలుసు. చెప్పానా? చెప్పలేదు.

“బిగించి పట్టు సారూ! వదిల్తివో, అంతా సిక్కు పడతాది. పెండ్లి చీరల పడుగది!” అని అరుస్తూ రత్నమ్మ గంజి కుంచెతో ఆ చివరికి పోయింది.

సారు చొక్కా చెమటకు తడిసిపోయింది. పాలసైకిలాయన దిగి, వంగి, పడుగు కిందుగా సైకిలు నడిపించుకుంటూ పోయాడు. ఎక్కడిదో ఎనుము ఒకటి తీరుబడిగా ఇటే వస్తుంటే అందరికన్నా ముందు సారే “హే! హే!” అని కేకలేశారు. ఇంతలో డ్రైవరు నీడ చూసుకుని జీపును కొంచెం ముందుకు తెచ్చాడు.

“వెనక్కి తియ్యవయ్యా! కళ్లు కనపడ్డం లేదా? పట్టు మీద దుమ్ము పడుతోంది!”

అరిచింది మా పెద్దసారే. ఈసారి వీధంతా తల తిప్పి చూసింది. ఆ చివరి నుంచి రత్నమ్మ గొంతు వినిపించింది.

“ఒక్క జీపుకే ఇట్లంటివి, ఇంక లారీలొస్తే ఏమంటావు సారూ?”

వీధి వీధంతా పగలబడి నవ్వింది. సారు కూడా నవ్వారు, కర్ర మాత్రం వదలకుండా. ఎన్నో పబ్లిక్ హియరింగులు చూశాను గానీ ఆఫీసరు కదలకుండా నిలబడి చివరిదాకా విన్నది అదొక్కటే. పడుగు చుట్టేశాక అక్కడే అరుగు మీద మ్యాపు పరిచి, ఆ గీతను ఆయనే రబ్బరుతో చెరిపారు. లారీల దారి ఊరి వెనక రాళ్లబంజరు మీదుగా పోయింది. చుట్టుదారని టమోటా మండీవాళ్లు సణిగారు గానీ లారీలు ఆగకుండా పోతుంటే వాళ్లే మరిచిపోయారు. లారీలు దూరకుండా చేనేత వీధి రెండు చివరలా రాతికూసాలు నాటించాం. కానుగలు బతికాయి. గీత చెరిపిన రోజు సంతోషం పట్టలేక ఆఫీసులో అందరికీ మైసూరుపాకు పంచాను.

తర్వాత పుంగనూరులో, కుప్పంలో పనిచేశాను. గీత గీసే ముందు ప్రతి చోటికీ పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం పోయి చూడడం నాకు అలవాటైంది. పగలు ఖాళీ అనుకున్న సందు తెల్లారుజామున బెంగళూరు రైలుకు పరుగెత్తేవాళ్ల దారిగా తేలేది. మా రంగుల్లో పొద్దుకూ మాపుకూ వేరే రంగు లేదు. అది మనిషి పోయి చూడాల్సిందే అని ఆ వీధి నాకు నేర్పింది.

2008లో ఏదో పని మీద మదనపల్లె వచ్చి, పొద్దున్నే ఆ వీధికి పోయాను. కానుగ పూలు రాలుతున్నాయి. కింద ఎర్రటి పడుగు. రత్నమ్మ జుట్టు నెరిసింది, గొంతు మాత్రం అదే.

“బాగుండావా మ్యాపు మేడమ్? ఇంద, ఈ కొస పట్టుకో.”

“నా బస్సుకు టైమవుతోంది రత్నమ్మా!”

“ఇంకోటొస్తాదిలే.”

పట్టుకున్నాను. ఆ బస్సు పోయింది, దాని వెనకదీ పోయింది. నేను మాత్రం కొస వదల్లేదు.