రెండోసారి విత్తిన గోధుమలు

నా చిన్నప్పుడు మేం దోహాలో, నజ్మాలోని ఒక పాత భవనంలో అద్దెకుండేవాళ్ళం. మా నాన్న ఇంజనీరు. ఒక ఏడాది వేసవి సెలవుల్లో ఆయన కంపెనీ పనిమీద కువైట్ వెళ్ళారు. అక్కడుండగానే యుద్ధం మొదలైంది. అక్కడికి ఫోన్లు కలవలేదు. అమ్మ రోజంతా రేడియో పక్కనే కూర్చునేది. మధ్యమధ్య లేచి ఇక్కడి కంపెనీ ఆఫీసుకు ఫోన్ చేసి, "ఏమైనా తెలిసిందా అండీ?" అని అడిగేది. అవతల ఏం చెప్పేవారో గానీ, రిసీవర్ పెట్టేసి మళ్ళీ రేడియో దగ్గరికే వచ్చేది.

నన్ను చూసిన ప్రతివాళ్ళూ తల నిమిరి, "నాన్నొచ్చేస్తారమ్మా" అనేవాళ్ళు. అలా అంటూ నా కళ్ళలోకి మాత్రం చూసేవాళ్ళు కాదు.

పక్కింటి అక్కది నిజామాబాదు. ఇక్కడి ఇండియన్ స్కూల్లో చరిత్ర చెప్పేది. ఒక మధ్యాహ్నం నన్ను వాళ్ళింటికి తీసుకెళ్ళి, నేలమీద పటం పరిచింది. నా వేలు పట్టుకుని కువైట్ మీద పెట్టి, అక్కణ్ణించి పైకి జరిపింది.

"ఇగో, ఈడ రెండు నదులున్నయి సూడు. ఈ దిక్కు మనుషులు శానా ఏండ్లు తిరుక్కుంటనే బతికిన్రు. ఏడ తిండి దొరికితే ఆడ. మెల్లమెల్లగ గింజలు ఏసుడు నేర్చుకున్నరు. పంటను కాసుకుంట ఒక్కతాన ఉండబట్టిన్రు. ఊర్లు, పట్నాలు, రాసుకునుడు, అన్ని ఆ ఎన్కనే."

రేడియోలో ట్యాంకుల గురించి మాత్రమే వినిపించే ఆ వైపున, ఒకప్పుడు ఎవరో గోధుమలు చల్లారంటే నాకు వింతగా అనిపించింది. నాన్న ఉన్న దిక్కు గురించి భయం కలిగించని మాట వినడం అదే మొదలు. పిండి పట్టించడానికి తెచ్చుకున్న గోధుమల్లోంచి అక్క ఒక గుప్పెడు ఇచ్చింది. ఎండిపోయిన మల్లె కుండీలో మట్టి గుల్ల చేసి, విత్తి, మా ఇంట్లో ఏసీ ఉన్న గదిలో కిటికీ దగ్గర పెట్టుకున్నాం.

అక్కకు చెప్పనిది ఒకటుంది. ఆ గింజలు మొలిస్తే నాన్న వస్తారనీ, మొలవకపోతే రారనీ మనసులో అనుకున్నాను. ఒకసారి అనుకున్నాక ఇక వెనక్కి తీసుకోవడం నా చేత కాలేదు. పొద్దున లేవగానే పరుగెత్తుకెళ్ళి మట్టి వేలితో కదిపి చూసేదాన్ని. తెల్లటి వేరు కనిపిస్తే ప్రాణం లేచొచ్చేది. మళ్ళీ పూడ్చి, నీళ్ళు పోసి, మధ్యాహ్నం మళ్ళీ తవ్వేదాన్ని. కొన్నాళ్ళకు గింజలు మెత్తబడి, పుల్లటి వాసన వచ్చింది. ఒక్కటీ పైకి రాలేదు.

కుండీ ముందు కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తుంటే అక్క వచ్చింది.

"ఏమైందే? గోధుమలకే గింత ఏడ్పా?"

"నాన్న రారక్కా. మొలిస్తేనే వస్తారనుకున్నాను."

అక్క నా పక్కనే నేలమీద కూలబడింది.

"గింజకు మీ నాయిన సంగతి ఏం తెలుసు బిడ్డా? నాకే తెల్వది. వస్తడో రాడో నాకు తెల్వది. నాక్కూడ మస్తు భయమైతుంది."

నాన్న వచ్చేస్తారని అందరూ అంటున్న రోజుల్లో, తెలియదని చెప్పింది అక్క ఒక్కతే. భయం తగ్గలేదు గానీ, ఇక ఆ భయంలో నేను ఒంటరిని కాను.

"మొదాలు గింజలేసినోళ్లకు గూడ గిట్లనే ఉండె కావచ్చు," అంది అక్క. "ఇంట్ల పిల్లలు ఆకలని ఏడుస్తుంటే, తినే గింజ తీస్కపోయి మట్టిల ఏసుడంటే మాటలా? వాన పడ్తదని ఎవ్వలన్న చెప్పిన్రా? ఎన్నిసార్లు ఎండిపోయిందో, ఎన్నిసార్లు పక్షులు తిన్నయో. భయపడుకుంటనే మల్ల ఏసిన్రు. ఏసి, ఇంట్ల పని సూసుకున్నరు. లే, మల్లేద్దాం. ఈసారి తవ్వకు. మీ అమ్మ తిన్నదా?"

తినలేదు. నేను ఆ సంగతి గమనించనే లేదు.

కుళ్ళిన గింజలు తీసేసి మళ్ళీ విత్తాం. తర్వాత అక్క మా వంటింట్లో నిలబడి నాచేత పిండి కలిపించింది. నా చపాతీలు ఒక వంకకు సాగి, అక్కడక్కడా మాడాయి. అమ్మ రేడియో గొంతు తగ్గించి, నా వైపు చూసి, ముక్క తుంచుకుంది. "ఉప్పు మర్చిపోయావే," అని నవ్వబోయి, కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. ఏడుస్తూనే మొత్తం తినేసింది.

ఈసారి మొలకలు వచ్చాయి. నాన్న రాలేదు. అవి జానెడు పెరిగి, వెన్ను పట్టకుండానే పసుపుబారి పడిపోయాయి. అప్పటికీ రాలేదు. సెలవులు అయిపోయి బడి తెరిచాక ఒకరోజు నాన్న, బస్సుల్లో ఎడారి దాటి, అమ్మాన్ నుంచి విమానంలో బొంబాయి చేరి, అక్కణ్ణించి దోహాకు, ఇంటికొచ్చారు. గడ్డం మాసి, మనిషి సగమైపోయారు. తలుపు తీసిన నన్ను చూసి, "మంచినీళ్ళివ్వు తల్లీ," అన్నారంతే.

దాంతో నాకు ధైర్యం వచ్చిందని చెప్పలేను. నేను ఇప్పటికీ భయస్థురాలినే. కాకపోతే రెండోసారి విత్తిన రోజు నుంచి దేన్నీ శకునం అడగలేదు. ఇప్పుడు మేం దోహాలోనే, అబూ హమూర్‌లో ఉంటున్నాం. మా ఆయన గొంతులో గడ్డ కనిపిస్తే ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం రేపు చెబుతారట. ఆయన పొద్దుణ్ణించీ కిటికీ దగ్గరే కూర్చున్నారు. "ఏమంటారంటావ్?" అని అడిగారు. "నాకు తెలీదండీ, నాకూ భయంగానే ఉంది," అని ఆయన పక్కన కాసేపు కూర్చున్నాను. తర్వాత లేచి, మా ఇద్దరికీ బియ్యం కడిగాను.