పంటితో విన్న చైను

మెకానిక్ చెవులకు ముందుగా అందకుండా పోయింది ఇంజన్లలోని టర్బో ఈల. డీజిల్ ఇంజన్ల మోత మధ్య ఇరవై రెండేళ్లు గడిపాడు మరి. ఆ తర్వాత మనుషుల మాటలూ వినపడకుండా పోయాయి. గ్యారేజీ ఓనరుకు తెలిస్తే మర్నాడే ఇంటికి పంపేస్తాడు.

"లక్షన్నర కిలోమీటర్లు తిరిగింది, ఆయిలు సరిగ్గా మార్చలేదట. టైమింగ్ చైను సాగిందేమో విని చెప్పు. తెగితే ఇంజన్ గోవిందా" అన్నాడు ఓనరు ఆ పొద్దున, ఒక కారు చూపించి. మెకానిక్ ఆయన పెదవులు చూసి తలూపాడు.

సాగిన చైను చల్లటి ఇంజన్ స్టార్టయిన మూడు క్షణాలే గలగలలాడుతుంది. అతను స్క్రూడ్రైవర్ కొనను చైను మూతకు ఆనించి, పిడిని పళ్లతో కరిచిపట్టాడు.

"ఏం బావా, అక్క టిఫిన్ పెట్టలేదా? ఇంజన్ కొరుకుతున్నావ్!" అన్నాడు ఎదురుగా పనిచేసుకుంటున్న బామ్మర్ది. అందరి నోళ్లూ తెరుచుకున్నాయి. నవ్వుతున్నారు కాబోలు.

తాళం తిప్పగానే ఇంజన్ అందుకుంది. దవడలో సన్నటి వణుకు పుట్టి, మూడు క్షణాలుండి, పోయింది.

"సాగింది" అన్నాడు.

మూత విప్పితే చైను నిజంగానే వదులుగా వేలాడింది. అతను పానా తీసుకుని పనిలో పడ్డాడు. కాసేపటికి బామ్మర్ది భుజం తట్టి, ఎదురుగా వచ్చి, ఒక్కో మాటా విడదీసి అన్నాడు: "ఓనరు ఇందాకట్నుంచి నీ వెనకాలే నిలబడి మెచ్చుకుంటున్నారు. నీ చెవులు బంగారమట, బావా." ఈసారి వాడు నవ్వలేదు.

అతను సరేనన్నట్టు తలూపి, తర్వాతి బోల్టు విప్పాడు.