బూరె తోక కింది పుండు

ఎవరినీ వెనకవైపు చెయ్యి పెట్టనివ్వని బుల్‌డాగ్ తోకను పైకెత్తి, దాని కింద చర్మం మడతపడి సంచిలా ఏర్పడిన గుంటను ఒక్క పంటి గాటు పడకుండా తుడవడం. కుక్కల పనిలో మా తమ్ముడి కూతురు మనోరమ కష్టపడి సాధించిన మొదటి గెలుపు అది. అంతకుముందు గెలుపులు లేవని కాదు. మేడ్చల్ కాలేజీలో ఇంటర్ ఫస్టు క్లాసులో పాసయింది. అత్తగారి ఊరు అలియాబాద్‌లో బర్రెల కొట్టం ఒంటిచేత్తో నడిపింది. పాల కేంద్రంలో ఆమె పాలకు వంక పెట్టినవాడు లేడు. రావల్‌కోల్ బడిలో ఏడో తరగతి దాకా చదువుకున్న నేను, మా ఇంటి పిల్లల్లో ఇంత మొండి పట్టు ఇంకొకరిలో చూడలేదు.

చుట్టుపక్కల పొలాలు ప్లాట్లయి గడ్డి కరువయ్యాక బర్రెలను అమ్మేసింది. ఖాళీ కొట్టంలో, కాలనీవాళ్లు ఊళ్లకు వెళ్లేటప్పుడు వదిలిపెట్టే కుక్కలను చూసుకోవడం మొదలుపెట్టింది. శామీర్‌పేట కాలనీలో ఉండే కాకినాడవాళ్లు రాజారావు, లలితకుమారి తమ బుల్‌డాగ్‌ను తెచ్చి అప్పగించారు. గుండ్రంగా ఉంటుందని దానికి బూరె అని పేరు పెట్టుకున్నారు. కాకినాడలో లలితకుమారి తల్లికి ఆపరేషనట, నెల దాటితే గానీ రాలేమన్నారు.

"తోక కింద తడి ఉండకూడదమ్మా. మెత్తని తడిగుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆర్చెయ్యాలి. అదొక్కటీ మరిచిపోకు" అని లలితకుమారి ఒకటికి పదిసార్లు చెప్పి వెళ్లింది.

చెప్పినంత సులువా? చెయ్యి దగ్గరికి వస్తే చాలు, బూరె వెనకభాగం నేలకు అదిమిపెట్టి కూర్చుని గుర్రుమనేది. తన్నే బర్రెకు పాలు పిండేముందు దాని డొక్కకు తల ఆనించి ముచ్చట పెట్టడం మనోరమకు అలవాటు. కుక్క దగ్గరా అదే చేసింది. కొన్నాళ్లకు బూరె తనంతట తానే లేచి నిలబడింది. ఆ రోజు నాకు ఫోన్ చేసి, "పెద్దబాపూ, తుడవనిచ్చింది!" అని అరిచింది.

ఆ తర్వాత ఆడబిడ్డ గృహప్రవేశానికి కీసర వెళ్లింది. కొట్టం భర్త సుధాకర్‌కు అప్పగించింది. కొన్ని రోజులకు ఆమె తిరిగొచ్చేసరికి నేనూ అప్పుడే అక్కడికి చేరాను. గేటు తీయగానే ఆమె ముక్కు చిట్లించింది.

"ఏమయ్యా, గీ వాసనేంది?"

"బూరెకు తోక కింద ఎర్రగైంది. పసుపు, యాప నూనె కలిపి కూరిన. మన కోడెల మెడ పుండ్లు గట్లనే మానినయ్ గదా."

"కోడె మెడకు గాలి తగుల్తది. గిది మూసుకున్న సంచి! నూనె లోపల్నే ఉడికింది."

నన్ను తల పట్టుకోమని తోక ఎత్తింది. పసుపు ముద్దతో పాటు చీము వచ్చింది. బూరె గుర్రుమనలేదు. కదలనైనా లేదు. మనోరమ తోక వదిలేసి నా వైపు తిరిగింది.

"పెద్దబాపూ, నొప్పికి మొత్తుకుంటలేదు. గిది మంచిగ లేదు."

దగ్గర్లోని పశువుల డాక్టర్ చూసి, చీము తోక ఎముక దాకా పోయిందన్నాడు. తోక తీయకపోతే విషం ఒంట్లోకి పాకుతుంది. తీయాలంటే మత్తు ఇవ్వాలి. చప్పిడి ముక్కు కుక్క కాబట్టి మత్తులో ఊపిరి ఆగిపోవచ్చు. సొంతదారులు ఒప్పుకుంటే జల్దీ సికింద్రాబాద్ తీసుకుపొమ్మన్నాడు.

మనోరమ ఫోన్ అందుకుంటే సుధాకర్ చెయ్యి పట్టుకున్నాడు.

"ఇప్పుడే చెప్పకు. సూదులేపిద్దాం, తగ్గుతదేమో. గీ ముచ్చట కాలనీల వడ్డదంటే ఒక్క కుక్కను గూడ మన కొట్టంల ఇడువరు. మామా, జర మీరన్న చెప్పుండ్రి."

"కొట్టం పోతే పోని" అంది మనోరమ, నేను నోరు తెరవకముందే. "పానం వోతే తెస్తవా?"

జరిగింది జరిగినట్టు చెప్పింది. ఫోన్‌లో లలితకుమారి గొంతు మా అందరికీ వినబడింది.

"నిన్ను నమ్మి వదిలి వచ్చానే! పసుపు కూరడానికి అదేమన్నా ఆవకాయ జాడీయా?"

"తప్పు మా ఇంట్లనే జరిగిందక్కా. తిట్టుండ్రి, వడ్త. గని ముందు జెప్పుండ్రి, తోక తీపియ్యాల్నా?"

బూరె ఊపిరి గరగరా వినిపిస్తోంది.

"తీయించు" అంది లలితకుమారి. "మత్తు ఎక్కేదాకా పక్కనే ఉండు. కొత్త చేతులు పడితే హడలిపోతాడు. మేం బయల్దేరుతున్నాం."

సుధాకర్ కారు తోలాడు. హైవే మీద లారీలు అడ్డం పడ్డప్పుడల్లా మనోరమ ఒళ్లోని బూరె ముక్కు దగ్గర అరచెయ్యి పెట్టి చూసుకుంది. ఆసుపత్రిలో మత్తు ఎక్కేదాకా మనోరమ బూరె పక్కనే ఉండి బయటికి వచ్చింది. తలుపు మూశాక సుధాకర్ గోడకు ఆనుకుని, "మంచికే జేసిన మామా" అన్నాడు. నేను భుజం తట్టాను. మనోరమ తలుపు మీంచి చూపు తిప్పలేదు.

డాక్టరమ్మ బయటికి వచ్చి మాస్కు తీసింది. మధ్యలో ఒకసారి ఊపిరి ఆగిందట, తిరిగి వచ్చిందట. తోక తీసేశారు. అయితే కుట్లు మలం వచ్చేచోటికి ఆనుకునే ఉన్నాయి. ఎప్పటికప్పుడు తుడిచి ఆరబెట్టాలి. తడి నిలిచిందా, చేసిందంతా వృథా.

తెల్లారి లలితకుమారి వచ్చి సుధాకర్ వైపు చూడనైనా లేదు. గుడ్డ తీసుకుని తానే తుడవబోయింది. బూరె పళ్లు చూపించింది. ఆమె గుడ్డను మనోరమ చేతికిచ్చింది.

"కోపం పోలేదు నాకు. కానీ నీ చెయ్యి పడితేనే నిలబడతాడు. కుట్లు విప్పేదాకా మాతోనే ఉండు."

ఆసుపత్రి పక్క వీధిలో లలితకుమారి చెల్లెలిల్లు ఉంది. మనోరమ ఇప్పుడు అక్కడే బూరె పక్కన చాప వేసుకుని పడుకుంటోంది. నిన్న ఫోన్ చేస్తే పుండు పొడిగా ఉందని చెప్పింది, సుధాకర్ ఎలా ఉన్నాడని అడిగింది, కొట్టంలో యాప నూనె సీసా కనబడొద్దంది. శనివారం కుట్లు విప్పుతామన్నారట. పుండు ఇలాగే ఆరితే, మనోరమ అలియాబాద్‌కు తిరిగి వచ్చేది ఫిబ్రవరి 22, ఆదివారం.