కాలవకి అడ్డం

ఐస్ హాకీ ఆడే రింకు తలుపు నేను తియ్యగానే అమ్మోనియా ఘాటు ముక్కుకి తగిలింది. నాన్న పనిచేసిన కైకలూరు ఐసు ఫ్యాక్టరీ వాసన అది.

చిన్నప్పుడు అక్కడ, చేపల లారీలకి ఐసు ఎత్తేటప్పుడు పగిలిన ముక్కల్ని మగపిల్లలు కర్రలతో కాలవలోకి కొట్టేవారు. నేను అడ్డం నిలబడి ఆపేదాన్ని. టీవీలో ఐస్ హాకీ చూసి, వాళ్ళూ ఐసు ఫ్యాక్టరీ వాళ్ళే, ముక్క కాలవలో పడకుండా కాస్తున్నారు అనుకున్నాను. అందులో పెద్ద తప్పేం లేదని ఇప్పుడనిపిస్తుంది.

"ఆడపిల్లవి, దెబ్బ తగుల్తుంది. తప్పుకోమ్మా," అన్నారు అప్పట్లో ఫ్యాక్టరీ ఓనరుగారు.

"తప్పుకోనండి," అన్నాను.

ఏలూరులో చక్రాల స్కేట్లతో మొదలుపెట్టి, ఇండియా ఐస్ హాకీ టీములో డిఫెండర్నయ్యాను. ఇవాళ కొత్త కోచ్‌గారు, "ముప్పై దాటాయి కదా, చిన్నవాళ్ళకి చోటివ్వండి," అన్నారు.

హెల్మెట్ బిగించుకుని గోలు ముందు నిలబడ్డాను.

"నన్ను దాటి కొట్టమనండి. కొడితే చోటు వాళ్ళదే."