రీడు తడిపినవాడు

ఆరేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. బరువు అనగానే మీరు బస్తాలు ఊహించుకోవద్దు. నేను వన్ టౌన్‌లో గోడౌను గుమాస్తాని, మా దగ్గర బస్తాలు మోసేవాళ్ళు వేరే ఉన్నారు. నాది తక్కెట్లో వేస్తే ముల్లు కూడా కదలని సరుకు. క్లారినెట్ మూతికి బిగించే రీడు. చిటికెన వేలంత పలచటి బద్ద. వాయించే ముందు దాన్ని నీళ్ళలో తడపాలి. ఒక రోజు నేను దాన్ని నీళ్ళలో తడపలేదు. అంతే కథ. ఇక్కడితో ఆపేసి సంతకం లేకుండా మీ పత్రికకి పోస్టులో వేస్తే సరిపోతుందేమో. కానీ అది ఒప్పుకోవడం కాదు, పొడుపుకథ అవుతుంది.

మీకు చెప్పడం తేలిక. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. మనిద్దరికీ ఇంతకన్నా మంచి స్నేహం కుదరదు.

ముందు నా గురించి ఒక ముక్క. నేను దేన్నయినా నవ్వులాట చేసే రకాన్ని. మా నాన్న పోయినప్పుడు పాడె మోసే నలుగురూ నాలుగు ఎత్తుల్లో ఉంటే, ఆయన్ని మోసుకెళ్తున్నారా, జల్లెడ పడుతున్నారా అన్నాను. ఏడుస్తున్న మేనత్తలు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. అది నా జీవితంలో గొప్ప విజయం అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే నాకు ఏడవడం చేతకాక ఆ పని చేశానేమో అనిపిస్తుంది. ఇలాంటి అనుమానాలు ఈ మధ్యే మొదలయ్యాయి. జోజన్న పోయాక.

జోజన్న మా బ్యాండు మేళానికి లీడరు. గుణదలలో ఇల్లు, వన్ టౌన్‌లో మేళం కొట్టు. మొత్తం పన్నెండుమందిమి. నేను బి.ఏ. రెండుసార్లు తప్పి తాళాలు పట్టుకున్నాను, వాటికి పరీక్షలుండవని. ఆయన క్లారినెట్ వాయిస్తుంటే నేను ఎడమ పక్కన నిలబడేవాణ్ణి. ఆయన వాయిద్యం ఎలా ఉండేదో చెప్పడం నా వల్ల కాదు. చూసినది చెప్తాను. ఊరేగింపు మిరపకాయల బజారులోంచి పోతుంటే కమిషన్ వ్యాపారి ఒకాయన తక్కెడ అలాగే పైకెత్తి పట్టుకుని నిలబడిపోయాడు. ముల్లు ఊగడం ఆగిపోయింది. ఆయన ఊగడం మొదలుపెట్టాడు. గుణదల చర్చి తిరునాళ్ళలో ఆయన మాత పాట అందుకుంటే, కొండ మెట్ల మీద కొబ్బరికాయలమ్మే మా హిందువుల ముసలమ్మ కూడా బేరం మధ్యలో లెంపలేసుకునేది.

జోజన్న పంతొమ్మిదో ఏటినుంచీ తాగేవాడు. ముప్పై దాటేసరికి కళ్ళు పచ్చబడ్డాయి. డాక్టరు పొట్ట నొక్కి చూసి, ఇక చుక్క ముట్టుకుంటే నా దగ్గరికి రావద్దు, నేరుగా సమాధుల తోటకి పొమ్మన్నాడట. ఆ ఫిబ్రవరి తిరునాళ్ళకి జోజన్న తన భార్య తెరేసమ్మ వదినని, చంకలో పిల్లని వెంటబెట్టుకుని గుణదల కొండెక్కాడు. ఆంధ్ర ఉద్యమం గొడవల వల్ల ఊరంతా బెదిరి ఉన్న రోజులు. జనం పలచగా ఉన్నారు, మాతకి మన మాట బాగా వినబడుతుందిలే అన్నాను వెంట వెళ్ళిన నేను. ఆయన నవ్వలేదు. కొవ్వొత్తి వెలిగించి, ఇక ముట్టనని మొక్కుకున్నాడు.

మా మేళానికి ఒక ఆచారం ఉండేది. పెళ్ళివారు మేళగాళ్ళకని పంపే సీసా ముందు లీడరు చేతికి రావాలి. ఆయన మొదటి గుక్క వేశాకే మిగతావాళ్ళు ముట్టుకోవాలి. లీడరు ముట్టకపోతే ఆ సీసా అలాగే పెళ్ళివారికి తిరిగి వెళ్ళిపోవాలి. అంటే జోజన్న మొక్కు ఆయనొక్కడి మొక్కు కాదు, పన్నెండుమంది నోళ్ళకీ తాళం. కర్ఫ్యూలతో వాయిదాపడ్డ పెళ్ళిళ్ళన్నీ ఆ వేసవిలో ఒక్కసారే మీదపడ్డాయి. రోజుకో ఊరు. ప్రతి ఊళ్ళోనూ ఒక సీసా రావడం, దండం పెట్టించుకుని వెళ్ళిపోవడం. డోలు వాయించే శంకరం దాన్ని సాగనంపుతూ, అప్పగింతలప్పుడు ఇంత బాధ ఉండదు గదరా అనేవాడు.

ఇంకో ఆచారం కూడా ఉంది. నా మెడకి చుట్టుకున్నది అదే. లీడరు రీడు తడిపే పని ఎడమ పక్కవాడిది. చిన్న గిన్నెలో నీళ్ళు పోసి, రీడు నానబెట్టి, ఆయన చేయి చాపగానే అందివ్వాలి. ఆయన అటు పెళ్ళివారితో మాట్లాడుతూ ఇటు చూడకుండా చేయి చాపుతాడు. చూడకుండా నోట్లో పెట్టుకుంటాడు. ఒక మనిషి చేతిలోది చూడకుండా నోట్లో పెట్టుకోవడం ఎంత నమ్మకమో అప్పుడు నాకు తట్టలేదు. అమ్మ చేతి ముద్ద తరవాత నాకు తెలిసి ఇదొక్కటే.

మొక్కుకున్న మర్నాడు ఆయన నన్ను కొట్టు వెనక్కి పిలిచాడు. ఎవరన్నా గ్లాసు చాపితే నాకు కాదనడం రాదురా, నువ్వు ఏదో ఒక జోకేసి నన్ను పక్కకి లాగెయ్ అన్నాడు. నా జోకులకి అంత మర్యాద ఎవరూ ఇవ్వలేదు. ఎనభై రోజులు పైనే ఆ పని చేశాను. బాగా చేశాను. ఇది నా పక్షాన చెప్పుకోవడం లేదు. చెప్పుకుంటున్నానేమో కూడా.

ఆ రోజు మైలవరం పక్కన ఒక పల్లెలో పెళ్ళి. సాయంత్రం నాలుగింటికి ఊరి మొదట్లో మగపెళ్ళివారిని ఎదుర్కోవాలి. ఎండ ఇంకా దిగలేదు. అందరం లారీ దిగి, చెమటకి ఒంటికతుక్కుపోయిన ఎర్రకోట్లలో నిలబడ్డాం. ఎప్పటిలాగే సీసా వచ్చింది. ఎప్పటిలాగే జోజన్న దండం పెట్టి, తిరిగిచ్చెయ్యమని నా చేతికిచ్చాడు. శంకరం నిట్టూర్చాడు. నాకు అప్పుడు తట్టింది. ఎంత మంచి జోకో. పదకొండుమందీ నవ్వుతారు. సీసా తిరిగిచ్చేముందు రెండు మూతలు బ్రాందీ గిన్నెలోకి వంచి, అందులో రీడు వేశాను.

దూరంగా కారు హారన్ వినబడింది. జోజన్న చూడకుండా చేయి చాపాడు.

రీడు నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు.

"ఏంట్రా ఇది?"

"రీడన్నా."

"దేంట్లో తడిపావ్?"

"మొక్కుకుంది నువ్వు గదన్నా. రీడుకి మొక్కు లేదుగా. పాపం, దానికీ దాహమేస్తది."

మేళమంతా నవ్వింది. శంకరం డోలు మీద వాలిపోయి నవ్వాడు. జోజన్న కూడా నవ్వాడు. "నీ దుంప తెగ" అన్నాడు. ఆ నవ్వు చివర ఆయన కళ్ళు ఒక్క క్షణం నా మీద ఆగాయి. కోపం లేదు. ఉంటే బాగుండేది. నీళ్ళ కూజా వైపు చూశాడు. ఈలోగా కారు దగ్గరికొచ్చేసింది. పెళ్ళికొడుకు దిగుతున్నాడు. రీడు బిగించి వాయించాడు.

అలా ఆయన ముందెప్పుడూ వాయించలేదు. తరవాతా వాయించలేదు. ఆడపెళ్ళివారి పెద్దాయన పానకం బిందె పట్టుకుని ఇవ్వడం మర్చిపోయాడు. పెళ్ళికొడుకు తన పెళ్ళే మర్చిపోయినట్టు నిలబడ్డాడు. నేను రెండుచోట్ల తాళం తప్పాను, ఎవరూ గమనించలేదు.

వాయించడం అయిపోయాక విడిది అరుగు మీద పెళ్ళికొడుకు బావమరిది గ్లాసు నింపుకుంటున్నాడు. జోజన్న నా పక్కన నిలబడి అటు చూడకుండా చేయి చాపాడు, రీడు కోసం చాపినట్టే. ఆ చేతిలో గ్లాసు పడింది. నేను పెట్టలేదు, వాళ్ళే పెట్టారు. నేను చెయ్యాల్సిందల్లా ఒక జోకు. పుట్టినప్పటినుంచీ అడక్కుండా వచ్చే జోకు. ఆ ఒక్కసారి రాలేదు.

వచ్చినా ఆగేవాడా? తెలియదు. రీడు మీది తడి ఎంతుంటుంది? ఒక చుక్కలో సగం. దానికే మనిషి పడిపోతాడా? లేక పడబోతూ ఆగి ఉన్నవాణ్ణి పడెయ్యడానికి అది చాలా? ఇవి డాక్టరుని అడగాల్సిన ప్రశ్నలు. నేను అడగలేదు. అడిగితే సమాధానం చెప్తాడని భయం.

ఆ గ్లాసు తరవాత ఆపలేదు, జనవరిలో పోయాడు. తిరునాళ్ళకి ఇంకా మూడు వారాలుంది.

ఇక మా ఊరు మొదలుపెట్టింది. టీ కొట్టు దగ్గర ప్రతివాడూ, నా పెళ్ళికి వాయించింది ఆయనే అన్నాడు. వాళ్ళందరి పెళ్ళిళ్ళకీ వాయించాలంటే జోజన్న పుట్టకముందే మేళం కట్టి ఉండాలి. పేపర్లో నాలుగు వాక్యాలు వేశారు, పక్క మేళం ట్రంపెట్ మనిషి ఫొటోతో. ఆయన మర్నాడు టీ కొట్టుకొచ్చి, తను బతికే ఉన్నట్టు అందరికీ చూపించుకున్నాడు. పెళ్ళిళ్ళలో జోజన్నకి విస్తరి పందిరి బయట వేయించినవాళ్ళే, అంతటి కళాకారుణ్ణి మనం గుర్తించలేకపోయామండీ అన్నారు. గుడిలో వెనక బల్లల వాళ్ళు, మాతకిచ్చిన మాట తప్పాడు, ఊరికే పోతుందా అని గొణిగారు. కుర్ర మేళగాళ్ళు మాత్రం మైలవరం పెళ్ళి గురించే చెప్పుకున్నారు. చుక్క పడితేనే ఆయనకి ఆ గమకం పలికేదట. నాకు గట్టిగా చెప్పాలనిపించింది. నాయనా, ఆ వాయిద్యం ఎనభై రోజులు ముట్టకుండా ఉన్న ఊపిరిది, తాగింది ఆ తరవాత అని. చెప్పాలంటే రీడు సంగతి కూడా చెప్పాలి. టీ డబ్బులిచ్చి వచ్చేశాను. వాళ్ళలో ఇద్దరు ఇప్పుడు తాగుతున్నారు, గమకం కోసం. గమకం ఇంకా రాలేదు.

సంతాప సభ పెట్టారు. అధ్యక్షులవారు మూడుసార్లు నాదస్వర విద్వాంసుడు అన్నారు. మద్యం రక్కసి గురించి మాట్లాడిన పెద్దమనిషి దిగిపోతూ, సభయ్యాక ఏర్పాట్లేమన్నా ఉన్నాయా అని చెవిలో అడిగాడు. అందరూ చెప్పాక, ఎడమ పక్కవాడివి గదా, నువ్వూ రెండు ముక్కలు చెప్పవయ్యా అని నన్ను నిలబెట్టారు.

ఏడవాల్సిన చోట నేనేం చేస్తానో మీకిప్పటికి తెలుసు.

"మా జోజన్న దేవుడికిచ్చిన మాట తప్పాడు గానీ, ఏనాడూ శ్రుతి తప్పలేదండీ" అన్నాను.

చప్పట్లు. నవ్వుతూ ఏడ్చారు, ఏడుస్తూ నవ్వారు. ఆ వాక్యం ఊరంతా తిరిగింది. మేళం కొట్టులో ఆయన ఫొటో కింద పెయింటు చేయించారు. ఇప్పటికీ ఉంది. అంత మంచి వాక్యం నేను మళ్ళీ అనలేదు. ఎవరి మాట ఎవరు తప్పించారో తెలిసిన ఒకే ఒక్కడు నిలబడి, నలుగురిలో ఆ నేరం చచ్చినవాడి మీద పెట్టి, చప్పట్లు కొట్టించుకున్నాడు. రీడు తడిపింది తెలివితక్కువతనం అనుకుందాం. ఇదేమిటి?

సభలో ఆడవాళ్ళ వైపు తెరేసమ్మ వదిన కూర్చుని ఉంది. అయ్యాక మెట్ల దగ్గర నన్ను ఆపింది. చంకలో ఫిలోమినా నిద్రపోతోంది.

"నువ్వు పక్కనే ఉన్నావు గదా అబ్బాయీ. ఆయనంతట ఆయనే ముట్టుకున్నాడా? ఎవరన్నా బలవంతం చేశారా?"

"ఎవరూ బలవంతం చెయ్యలేదు వదినా."

అక్షరాలా నిజం. కోర్టులో నిలుస్తుంది. ఆమె తలూపి, పిల్లని ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుని వెళ్ళిపోయింది. శంకరం ఏం చెప్పేవాడో నాకు తెలియదు, ఆమె అతన్ని అడగలేదు. మిగతావాళ్ళకి అదొక జోకు, ఎప్పుడో మర్చిపోయారు. జోకులు మర్చిపోకుండా దాచుకునే జబ్బు నాదే.

అప్పటినుంచీ ఏటా తిరునాళ్ళకి ఆమె గుణదల కొండ మోకాళ్ళ మీద ఎక్కుతుంది. తన కోసం కాదు. మాట తప్పిన మొగుడి తరఫున మాతని క్షమాపణ అడగడానికి. ఆయన ఆత్మ ఎక్కడో ఆగిపోయి ఉందని ఆమె నమ్మకం. నేను పక్కన కొవ్వొత్తులు పట్టుకుని మెట్టు మెట్టుకీ ఆగుతూ నడుస్తాను. ఎడమ పక్కన. పైకి వెళ్ళేసరికి చీర మోకాళ్ళ దగ్గర తడిగా, ఎర్రగా ఉంటుంది. ఒక్క వాక్యం చెప్తే ఆమె లేచి నిలబడుతుంది. ఆరు తిరునాళ్ళయ్యాయి. మొదటి ఏడు నోరు తెరిచాను కూడా. ఎండ ఎక్కువగా ఉంది వదినా అన్నాను.

ఎందుకు చెప్పను? ఆమె నన్ను తిడుతుందనా? తిట్టదు. అదే భయం. ఆయన లాగే ఒక్క క్షణం చూసి ఊరుకుంటుంది. ఇంకొకటి కూడా ఉంది, రాయడానికి సిగ్గుగా ఉంది. ఆ ఇంట్లో నేను కావలసినవాణ్ణి. పండక్కి నాకూ ఒక కంచం పెడతారు. మరెక్కడా పెట్టరు.

ఇదంతా రాశాక గుండె తేలికపడిందని చెప్పాలేమో. కాస్త పడింది. రీడంత.

అచ్చయితే ఏమవుతుంది? తెరేసమ్మ వదినకి చదువు రాదు. బందరు నుంచి వాళ్ళ అన్న రాసే ఉత్తరాలు, బడి నుంచి వచ్చే కాగితాలు, అన్నీ చదివిపెట్టేది నేనే. అక్షరం పొల్లుపోకుండా చదువుతాను. ఆమె చూడకుండా వింటుంది. ఫిలోమినా ఇప్పుడు రెండో క్లాసు. మొన్న నేను కొట్టు దగ్గరికి తీసుకెళ్తే, నాన్న ఫొటో కింద రాసింది కూడబలుక్కుని చదివింది. దే, వు, డి, కి, చ్చి, న, మా, ట. అక్కడ ఆగి, తరవాతి మాట ఏమిటి బాబాయ్ అని నన్నడిగింది.

నేను చదివి చెప్పాను.