నాలుగో బెడ్ స్టేబుల్

స్వైన్ ఫ్లూ ఏడాది నేను గాజియాబాద్‌లో ఒక ఆసుపత్రి ఐసొలేషన్ వార్డులో స్టాఫ్ నర్సుని. ఒక ఉదయం నైట్ సిస్టర్ డ్యూటీ అప్పజెబుతూ నాలుగో బెడ్ స్టేబుల్, అంటే నిలకడగా ఉంది అంది. పేషెంటుని కళ్లారా చూశాకే బయటున్న బంధువులకి చెప్పాలన్నది రూలు. కానీ ఇన్ఫెక్షన్ అంటకుండా లోపల వేసుకునే గౌన్ ఒకసారి తొడిగితే మధ్యాహ్నం దాకా విప్పి బయటికి రావడానికి లేదు. అందుకని మేమంతా ముందు బయట చెప్పేసి, తర్వాత గౌన్ వేసుకునేవాళ్లం. ఆ అలవాటే నా కొంప ముంచింది.

నాలుగో బెడ్ పేషెంటు భర్త రెండు రోజులుగా అద్దం తలుపు దగ్గరే కూర్చున్నాడు. స్టేబుల్ భయ్యా, ఇంటికెళ్లి స్నానం చేసి రండి అన్నాను. వెళ్లాడు. నేను గౌన్ వేసుకుని లోపలికెళ్లేసరికి ఆమె ఎగశ్వాసలో ఉంది. సీపీఆర్ చేశాం. దక్కలేదు.

అతను తడి తలతో తిరిగొచ్చాడు. అరవలేదు.

"ఆప్‌నే తో స్టేబుల్ బోలా థా, సిస్టర్," అన్నాడు. స్టేబుల్ అని చెప్పింది మీరే కదా అని.

నాలుగో బెడ్ అద్దం పక్కనే. అతను అక్కడే ఉంటే ఆఖరి చూపైనా దక్కేది.

మర్నాడు మాస్కు కట్టుకుంటుంటే గుండె దడదడలాడి, చేతులు చల్లబడ్డాయి. ఫ్లూ అనుకున్నాను. టెస్ట్ నెగెటివ్. ఈసీజీ, థైరాయిడ్ అన్నీ నార్మల్. నిద్ర మాత్రం పోయింది. ఇందిరాపురంలో మా ఫ్లాటుకి రాగానే పడుకున్న మా పాప ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసేదాన్ని, మళ్లీ మళ్లీ. సైకియాట్రీకి వెళ్తానంటే మా ఆయన చర్చిలో తెలిస్తే ఏమనుకుంటారోనని నసిగాడు. నాకూ సిగ్గే, మళ్లీ ఆ మాట ఎత్తలేదు. మూడు నెలలు ఏడుస్తూనే డ్యూటీ చేశాను.

చివరికి ఐడీ కార్డు బ్యాగులో దాచుకుని వేరే ఆసుపత్రి ఓపీడీకి వెళ్లాను. డిప్రెషన్ అన్నారు డాక్టరమ్మ. మాత్రలతో కాస్త నిద్ర పట్టగానే నాకు నేనే ఆపేశాను. నర్సుని కదా, అన్నీ తెలుసనుకున్నాను. రెండు వారాల్లో మంచం దిగలేని స్థితికొచ్చాను. తెల్లారకపోతే బాగుండుననిపించేది. మళ్లీ ఆ డాక్టరమ్మ దగ్గరకే వెళ్లి, నర్సునని కూడా చెప్పేశాను.

"బీపీ మాత్ర ఆపేయమని మీ పేషెంటుకి చెప్తారా, సిస్టర్?" అని ఆవిడ మళ్లీ రాసిచ్చారు.

ఇప్పుడు పిల్లల టీకాల గదిలో పనిచేస్తున్నాను. వార్డుకి తిరిగి వెళ్లలేకపోయాను, ఇక వెళ్లలేనేమో కూడా. మాత్రలు వాడుతున్నాను. తడి తలతో మగమనిషి ఎదురైతే ఇప్పటికీ ఒళ్లు చల్లబడుతుంది. నాలుగో బెడ్ ఆవిడ భర్త నన్ను క్షమించాడో లేదో తెలియదు.

నాలాంటి సిస్టర్లకి ఒక్కటే చెప్తాను. రెండు వారాలు నిద్ర పట్టకపోతే ఆగకండి, డాక్టరు దగ్గరకి వెళ్లండి. ఎలా ఉన్నావని ఎవరైనా అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి. ఆ మూడు నెలలూ మా ఆయన రోజూ అడిగాడు. చూడకుండానే అద్దం తలుపు దగ్గర అతనికి స్టేబుల్ అని చెప్పినట్టు, ఈయనకీ బాగానే ఉన్నానని చెప్పాను.